కాళ్ళకున్న చెప్పులు పోయిన రోజు

నేను గుసగుసగా అన్న మాట కూడా మూడిళ్ళ అవతల వినబడుతుంది. కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్ళు, "అక్కా, నీకు చెప్పుడు కన్న దండోరా ఏపించుకునుడు నయం" అనేవారు.

అలాంటి నా ఒళ్ళోనే ఒక రహస్యం వచ్చి పడింది. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఒక్కతే బిడ్డ. ఎడపల్లి సంబంధం కుదిరింది. మా అక్క మనవడికేమో తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. అది వంశంలో నడుస్తుందనీ, పెళ్ళికి ముందే బిడ్డ రక్తం చూపించమనీ నిజామాబాద్ ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. రక్తంలో ఆ జబ్బు జాడ ఉన్నా ఆమెకేమీ కాదట. చేసుకోబోయే పిల్లవాడిలోనూ ఉంటేనే పుట్టేవాళ్ళకు కష్టమట. నాకు అర్థమైంది. ఎడపల్లి వాళ్ళకు ఎవరు చెప్పాలి? రక్తంలో దోషం అన్న మాట చెవిన పడితే చాలు, సంబంధం తప్పిపోతుంది.

రక్తపరీక్ష కాగితాలొచ్చిన రోజు ఆస్పత్రి వరండా నిండా జనం. అక్కడి క్లర్కు పేరు, ఇంటిపేరు, జబ్బు అన్నీ గట్టిగా చదివేవాడు. ఎవరికి షుగరో, ఎవరికి నెల తప్పిందో టీకొట్టు దాకా తెలిసేది. నేనూ చెవులు రిక్కించి విన్నదాన్నే. ఆ రోజు నాకు ఒక పక్కన బిడ్డ, ఇంకో పక్కన ఎవరనుకున్నారు? పిల్లవాడి మేనత్త! మోకాళ్ళ నొప్పికి వచ్చింది.

క్లర్కు మా బిడ్డ పేరు పిలిచి కాగితం విప్పాడు. అతను నోరు తెరిచేలోపు నేను తెరిచాను.

"నా చెప్పులేవి? ఎవలు ఎత్కపోయిండ్రు నా చెప్పులు?"

మేనత్త వంగి చూసింది. "వదినె, గవి నీ కాళ్ళకే ఉన్నయి గదా!"

"ఇవి నాయి కావు!"

అన్నాక ఇక తగ్గేదెలా? క్లర్కు మండిపడ్డాడు.

"సదవనిస్తవా లేదా?"

"సదువకు! గదే చెప్తున్న!"

లొల్లికి డాక్టరు బయటికి వచ్చాడు. దగ్గరికి పోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా మాట్లాడాను.

"సారూ, చెప్పులు ఏడికి పోలే. గా కాగితం నా బిడ్డ రక్తం ముచ్చట. గిందరి ముంగట ఎందుకు సదువుడు?"

ఆయన కాగితం తీసుకుని బిడ్డను లోపలికి పిలిచాడు. నేనూ లేచాను.

"మీ అమ్మ రావచ్చా?" అని ఆమెనే అడిగాడు.

"వద్దు సార్" అని నా బిడ్డ తలుపు వేసుకుంది!

"లోపల ఏమంటుండ్రట?" అంది మేనత్త.

"నాకెర్కలే" అన్నాను. నా బతుకులో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బతిమాలాను. "కన్నతల్లిని, నాకు సుత చెప్పవా?"

"ముందుగాల నన్ను చేసుకునేటాయనకు చెప్త, తర్వాత నీకు. ఇప్పుడే చెప్తే డ్రైవర్‌కు సుత తెలుస్తది."

ముందు సీట్లోంచి డ్రైవరు నవ్వాడు. అప్పటికే విన్నాడన్నమాట.

బిడ్డ అన్నంత పనీ చేసింది. పిల్లవాడు కూడా రక్తం చూపించుకున్నాడు. పెళ్ళయింది. నాకు చెప్పవలసిన రోజున నాకూ చెప్పింది.

మేనత్త ఇప్పటికీ ఏ పెండ్లిలో కలిసినా, "చెప్పులు దొరికినయా వదినె?" అంటుంది. దొరికినయంటాను. కాగితం సంగతికి వచ్చేసరికి మాత్రం నాకు ఎక్కడలేని దగ్గు వస్తుంది.