కోల్టర్ కనుమ, పదకొండు మైళ్ళు

పదకొండు గంటలకు నోలా రెడ్డిక్ రెండోసారి కాఫీ పెట్టింది. మొదట పెట్టింది ఓరిన్ రాకముందే చల్లారిపోయింది. తొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒక పద్ధతి ఉంది. కొండ మొదట్లో, తాము కాపురముండే ఆర్వీ బండి ఆపుతారు. ఓరిన్ సైకిలు దించుకుని తొక్కడం మొదలుపెడతాడు. నోలా గిన్నెలు కడుక్కుని, అరగంట తర్వాత బయల్దేరుతుంది. దారిలో అతన్ని దాటేటప్పుడు రెండుసార్లు హారన్ కొడుతుంది, అతను ఎడమ చెయ్యి ఎత్తుతాడు. కొండ మీద, లోయ చూడటానికి అందరూ ఆగే చోట, ఆమె బండి నిలిపి కాఫీ పెడుతుంది. ఓరిన్ వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా, “ఏం డ్రైవరమ్మా, మళ్ళీ నన్ను ఓడించావా?” అంటాడు. చలికాలమంతా ఎడారిలో, ఎండలు ముదిరాక కొండల్లో. నెబ్రాస్కాలో ఇల్లు అమ్మేసిన దగ్గర్నుంచీ ఏడాదికేడాది ఇంతే.

నోలా ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ముప్ఫై నాలుగు అడుగుల ఆర్వీ ఆమెకు ఒక లెక్క కాదు. దాని వెనక ఇనప కడ్డీతో తగిలించి లాక్కొచ్చే చిన్న కారును కట్టడం, విప్పడం మాత్రం ఓరిన్ పని. ఆమె ఆ కడ్డీని ముట్టుకున్నది లేదు.

మార్చిలో ఓరిన్ గుండెలో స్టెంట్ వేశారు. ఎనిమిది వేల అడుగుల ఎత్తు దాటితే సైకిలు జోలికి పోవద్దని డాక్టరు ఇద్దరి ఎదురుగానే చెప్పాడు. యూటా ఎర్రరాళ్ళ ఎడారిలో మూడు వారాలు చదును దారుల మీదే తొక్కాడు ఓరిన్. రాతి తోరణాల కింద నిలబడి ఫొటోలు దిగాడు, రాత్రిళ్ళు బాగా నిద్రపోయాడు. మనిషి కోలుకున్నాడనే అనిపించింది. అప్పుడొక పొద్దున, గుడ్లు తింటూ మొదలుపెట్టాడు.

“ఒక్క కనుమ, నోలా. కోల్టర్ ఒక్కటీ ఎక్కేస్తా. ఆ తర్వాత సైకిలు అమ్మేస్తా.”

“పోయిన నెల చేపల గాలాలు అమ్మేస్తానన్నావు.”

“అమ్మాగా!”

“అమ్మలేదు. పక్క బండి వాడికి ఊరికే ఇచ్చేశావు, వాడు నీ జోకులకు నవ్వాడని.”

“అయితే ఏంటి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చంపుతావా?”

ఆమె అతని ఖాళీ ప్లేటు తీసుకుని కడగడానికి లేచింది. దాన్ని అతను సరేననుకున్నాడు. అది సరే కాదని ఆమె కూడా చెప్పలేదు.

కోల్టర్ కనుమ పైభాగం పదివేల తొమ్మిది వందల అడుగుల ఎత్తులో ఉంది. ఎక్కడం పదకొండు మైళ్ళు. ఇవాళ మూడో మైలు దగ్గర అతన్ని దాటుతూ ఆమె హారన్ కొట్టింది. అతను చెయ్యి ఎత్తలేదు. అద్దంలో చూస్తే తల వంచుకుని తొక్కుతున్నాడు. వెనక ట్రక్కు తరుముకొస్తోంది కాబోలు, అందుకే ఎత్తలేదని సర్దుకుంది. అద్దంలో వెనక ట్రక్కేమీ లేదు.

పదకొండుంపావుకు, ఇద్దరి దగ్గరా ఉండే వాకీటాకీలో పిలిచింది. గరగర తప్ప ఇంకేం రాలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. అప్పుడే ఎక్కి వచ్చిన మోటార్‌సైకిలు ఆయన్ని ఆపి, పసుపు చొక్కా వేసుకున్న ముసలాయన కనిపించాడా అని అడిగింది.

“ఆరో మైలు మలుపులో రెయిలింగు మీద కూర్చున్నాడు. ఆగితే, పొమ్మని చెయ్యి ఊపాడు.”

ఓరిన్ కొండ మధ్యలో కూర్చునే మనిషి కాదు.

ఆర్వీ వెనక్కి తిప్పుదామంటే, ముందు ఒక వ్యాను అడ్డంగా ఉంది. దానివాళ్ళు దగ్గర్లోని చెరువు దాకా నడిచి వెళ్ళారు. కారు తగిలించి ఉన్నంతసేపూ ఆర్వీని వెనక్కి నడపకూడదు, కడ్డీ వంగిపోతుంది. కారు విప్పడం ఒక్కటే దారి. కడ్డీకి రెండు పిన్నులుంటాయని ఆమెకు తెలుసు. లాగింది. రాలేదు. రాయితో కొట్టింది. కదల్లేదు.

పక్కన టెక్సస్ నంబరు ట్రక్కులోంచి, ప్యాంటుకు భుజాల మీంచి పట్టీలు తగిలించుకున్న బొజ్జాయన ఒకడు దిగి వచ్చాడు. తన పేరు డ్వైట్ అన్నాడు.

“మేడమ్, దాన్ని కొడితే వస్తుందా? వంకరగా నిలిపారు కదా, బరువంతా ఆ పిన్ను మీదే పడింది. విప్పాలంటే తిన్నగా ఆపాలి. మీ ఆయన చెప్పలేదా?”

“తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. నేను వినలేదు.”

“మా ఆవిడా అంతే. ఆయన ఎక్కడున్నాడు?”

“కిందున్నాడు. గుండె జబ్బు మనిషి.”

డ్వైట్ గబగబా ట్రక్కు దగ్గరకు వెళ్ళాడు. సుత్తి తెచ్చాడు. “కార్లో కూర్చోండి. స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి పట్టుకోండి. నేను అరిస్తే కుడికి.” అతను అరిచాడు, ఆమె తిప్పింది, ఇనుము కిర్రుమంది. మూడోసారికి ఒక పిన్ను ఊడింది, ఆ వెంటనే రెండోది.

“మీ బండి దగ్గర నేనుంటా. వెళ్ళండి.”

ఆర్వీ తలుపు తీసే ఉంది, పొయ్యి వెలుగుతూనే ఉంది. ఆమెకు ఆ రెండూ గుర్తు రాలేదు. కారులో మొదటి మలుపు దాటుతుంటే వెనక నుంచి డ్వైట్ కేక వినిపించింది, “పొయ్యి నేను ఆర్పేస్తాలే!” అని.

ఆరో మైలు మలుపులో ఓరిన్ రెయిలింగుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్ళో ఉంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

“చెయిన్ ఊడింది,” అన్నాడు ఆమె కారు దిగకముందే.

చెయిన్ దాని చోటనే ఉంది. అతని వేళ్ళకు నూనె మరక కూడా లేదు.

“గుండె మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“ఎన్ని?”

“రెండు.” హెల్మెట్ పట్టీ సర్దుతూ అన్నాడు, “మొదటిది నువ్వు నన్ను దాటకముందే.”

నోలా నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఒక కారు హారన్ కొట్టి, పక్కనుంచి తప్పించుకుని పోయింది.

“అంటే నీకు మూడో మైల్లోనే నొప్పొచ్చింది. హారన్ విన్నావు. నన్ను పోనిచ్చావు.”

“నిన్ను ఆపితే ఇంకెప్పుడూ ఎక్కనివ్వవు కదా.”

“ముసలోడా,” అంది ఆమె. తిట్టడానికి ఇంకో మాట దొరకలేదు. “లే. నా భుజం పట్టుకో.”

“పైకి పోనీ. అయిదు మైళ్ళే. బండ్లో కాసేపు పడుకుంటా, తగ్గిపోద్ది.”

“పైన గాలి ఇంకా పల్చన. కిందికే పోతున్నాం.”

“సైకిలు?”

సైకిలు తగిలించే చట్రం ఆర్వీ వెనక ఉంది, కారుకు లేదు. చిన్న కారు లోపల అది పట్టదు. ఆమె దాన్ని రెయిలింగు అవతలకు ఎత్తి గడ్డిలో పడుకోబెట్టింది. ఆ సైకిలుకు వాన చుక్క తగిలితే గుడ్డ పట్టుకుని పరిగెత్తే మనిషి, అటు చూడను కూడా చూడకుండా కారెక్కాడు. తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమెకు అసలు భయం అప్పుడు పుట్టింది.

ఒక ఆస్పిరిన్ నోట్లో పెట్టి నమలమంది. రెండో గేరులో దిగడం మొదలుపెట్టింది. బస్సు నడిపిన రోజుల్లో వెనక పిల్లల అరుపులు వింటూ రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా ఉండటం అలవాటైంది. ఇప్పుడు వెనకా పక్కనా ఏ చప్పుడూ లేదు.

“మాట్లాడు,” అంది.

“ఏం మాట్లాడను?”

“ఏదో ఒకటి. నన్ను తిట్టు.”

“బండి వంకరగా నిలిపావు కదూ?”

“ఎలా తెలిసింది?”

“ఇంత ఆలస్యమైంది కదా.” నవ్వబోయి, రొమ్ము పట్టుకుని ఆగిపోయాడు.

కొండ మొదట్లో ఫోనుకు ఒక గీత సిగ్నల్ వచ్చింది. ఆమె రోడ్డు పక్కకు ఆపి అత్యవసర నంబరు 911 నొక్కింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మార్చిలో స్టెంట్, రెండు గంటలుగా నొప్పి అని చెప్పింది.  అంబులెన్సు వచ్చేదాకా అక్కడే ఆగొద్దని, రెండు హైవేలు కలిసే పెట్రోలు బంకు దగ్గరకు రమ్మని, ఆసుపత్రి నుంచి బండి అక్కడికి ఎదురొస్తుందని అటువైపు అమ్మాయి చెప్పింది.

ఆ బంకుకు అక్కడి నుంచి పన్నెండు మైళ్ళు. ఆమె రెండుసార్లు హారన్ కొట్టి బండి కదిలించింది, ఓరిన్ కళ్ళు మూసుకునే ఎడమ చెయ్యి ఎత్తాడు.