పరిశ్రమ తరఫున నేను మాట్లాడిన రోజు

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు గని, మా జమానాల ఊరికి ఫోన్ చేసుడంటె చెప్పులేసుకొని గల్లీ చివరిదాంక పోయి, అద్దాల డబ్బా ముందట లైన్ల నిలబడుడే. చిక్కడపల్లిల ఆ డబ్బా మా చిన్నమ్మది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకు ఒక కాలు పనిచెయ్యదు. వికలాంగుల కోటాలనే ఎస్టీడీ బూత్ లైసెన్స్ వచ్చింది. నేను నారాయణగూడల డిగ్రీ చేసి, ఉద్యోగం దొరకక, ఆమె పక్కన కుర్చీ ఏసుకొని కూసున్న. అశోక్‌నగర్‌కు కోచింగ్ కోసం వచ్చిన పిల్లలంత మా దగ్గరికే వచ్చేటోళ్లు. లోపల గోడకు మీటర్, దాంట్ల ఎర్ర అంకెలు ఉరుకుతుంటయ్. పైసలు పోతున్నయని ఆ అంకెల దిక్కు చూసుకుంట అందరు ఒక్కటే పాట: "హలో, వినవడుతున్నదా? ఇక్కడ అంత మంచిగనే ఉంది, ఫికర్ చెయ్యకుండ్రి, పెట్టేస్తున్న!" (మెస్‌ల తిండి పడక కడుపు పట్టుకొని వంగిపోయినోడు గూడ గదే చెప్పేటోడు.) పొద్దంత విని విని నాకు నోటికొచ్చేసింది.

గట్ల బతుకుతుంటె, మా బూత్‌కు నాలుగు షటర్ల అవుతల ఇంకో బూత్‌కు లైసెన్స్ ఇస్తున్నరని తెలిసింది. "ఒక్క గల్లీల రెండు బూత్‌లైతే కిరాయి ఎట్ల కట్టాలె, ఏం తినాలె?" అని చిన్నమ్మ ఒకటే పరేషాన్. ఆమెకు ఇంకో ఆధారం లేదు మరి. సరిగ్గ అప్పుడే సర్కారోళ్లు బషీర్‌బాగ్‌ల ఒక హోటల్‌ల మీటింగ్ పెట్టిన్రు. టెలిఫోన్ సేవలకు లైసెన్సులు ఎవరికి ఇయ్యాలె, ఏం షరతులు పెట్టాలె అని పరిశ్రమ వాళ్లు వచ్చి అభిప్రాయం చెప్పాలెనట. పరిశ్రమ అంటె మేం గూడనేనట! చిక్కడపల్లి, దోమలగూడ బూత్‌లోళ్లంత కూడి నన్ను నిలబెట్టిన్రు. తెలివి చూసి గాదు, అందరికన్న గొంతు నాదే పెద్దదని. మా బూత్‌ల సంఘం పెద్దను మేమంత 'హలో అన్న' అని పిలిచేటోళ్లం. ఆయన దారి పొడుగుత ఒకటే చెప్పిండు: "చెల్లె, ఒక్కటే మాట. బూత్‌కు బూత్‌కు మధ్యల ఇంత దూరం ఉండాలని రూల్ పెట్టమను. కోపానికి మాత్రం రాకు."

కోపానికి రాకుంట ఎట్లుంటరయ్యా? సెల్‌ఫోన్ కంపెనీలోళ్లు, పేజర్ కంపెనీలోళ్లు కోట్లేసుకొని ఒకరెనుక ఒకరు, గోడ మీద బొమ్మలు చూపెట్టుకుంట పొద్దటిసంది మాట్లాడుతనే ఉన్నరు. లైసెన్స్ ఫీజు తగ్గించాలెనట, షరతులు సడలించాలెనట, పోటీ ఉంటెనే ప్రజలకు మేలట. (తమ ఏరియాల మాత్రం ఇంకొకరికి లైసెన్స్ ఇయ్యొద్దట!) అరె, నేను అడగొచ్చింది గూడ గదే గదా! వాళ్లు అడిగితె అభిప్రాయం, మేం అడిగితె ఏడుపు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అందరు భోజనాల దిక్కు చూస్తున్నప్పుడు నన్ను పిలిచిన్రు. పెద్ద కుర్చీల కూసున్న సారు "జర తొందరగమ్మా" అన్నడు. మైకు పట్టుకున్న. ఎదురుంగ బల్ల మీద టైం చూపెట్టే డబ్బా, దాంట్ల ఎర్ర అంకెలు. ఉరుకుతున్నయ్! ఇగ నా మతి నా దగ్గర లేదు. "హలో! హలో! వినవడుతున్నదా?" అని మొత్తుకుంటె ముందు వరుసోళ్లు చెవులు మూసుకున్నరు. "చిక్కడపల్లి నుంచి మాట్లాడుతున్న! ఇక్కడ అంత మంచిగనే ఉంది, ఫికర్ చెయ్యకుండ్రి, పెట్టేస్తున్న!" అని, మైకును దాని జాగల పెట్టి దిగొచ్చిన.

హాలంత ఒకటే నవ్వు. హలో అన్న నెత్తి పట్టుకున్నడు. కుర్చీల కూలబడ్డంక గని నాకు తెలివి రాలె. మళ్ల ఉరికిన. "సార్, నేను చెప్పాల్సింది గది గాదు! దూరం సంగతి చెప్పాలె!" అంటె ఆ సారు నవ్వుకుంట, "టైం అయిపోయిందమ్మా. బూత్‌ల వాళ్లకు ఏ ఇబ్బందీ లేదని రాసుకున్నాం, చాలా సంతోషం" అన్నడు. సంతోషమట, సంతోషం! మైకు బంద్ చేసిన్రు. నా గొంతుకు మైకెందుకు? నడవరాని మనిషి నోటికాడి కూడు గుంజుకుంటె మీకేమొస్తదని మొత్తం అరిచి చెప్పిన. వినేటందుకు ఎవ్వరు లేకుండె. అందరు ప్లేట్ల కాడికి పోయిన్రు.

ఇంటికొచ్చి చెప్తే చిన్నమ్మ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. "ఓసి పిచ్చిదానా, గసొంటోళ్ల ముందట గొంతెందుకు చించుకున్నవే?" అని మంచినీళ్లిచ్చింది. కొత్త బూత్ రానే వచ్చింది. ఏడాది తిరగకముందే మా షటర్ దిగింది. చిన్నమ్మ హైదర్‌గూడల ఒక మందుల షాపుల పనికి కుదిరింది. ఇన్నేండ్లు సొంత కుర్చీల కూసున్న మనిషి, ఓనర్ వచ్చినప్పుడల్ల లేచి నిలబడాలె. ఆ కాలుతోనే.

ఇప్పుడు యాదికొస్తె, చున్నీ నడుముకు చుట్టుకొని ఖాళీ కుర్చీల మీద మొత్తుకుంటున్న ఆ పొడుగు జడ పిల్లను చూసి నవ్వొస్తది, జర ముద్దు గూడ వస్తది. ఆ హాల్‌ల ఉన్నోళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.