పన్ను నొప్పి పేగుల్లోకి దిగింది

మనిషన్నవాడు వారం తిరక్కుండానే ఉడికిన బీరకాయలా ఎలా మారతాడో తెలియాలంటే, ఆ రోజుల్లో అచ్చంపేటలో మీరు నన్ను చూడాల్సింది. నా ప్రాణం మీదికి నా తెలివితోనే తెచ్చుకున్న వైనం చెబుతాను. కడుపుబ్బా నవ్వండి. చెప్పడానికి మిగిలి ఉన్నాను, నాకదే పదివేలు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో అక్కడి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ని. మకాం మా అక్క సుగుణమ్మ ఇంట్లో. ఒకరోజు దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లాలా? నోటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా జీర్ణవ్యవస్థను బోర్డు మీద కళ్లు మూసుకుని గీసేవాడికి డాక్టరెందుకండీ! మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని ఐదు రోజులు మింగాను. నొప్పి తగ్గింది. అయినా వేళ్లతో సహా పోవాలని ఇంకో రకం ఐదు రోజులు మింగాను. రోగి కోరిందీ గోలీలే, వైద్యుడు చెప్పిందీ గోలీలే. రోగీ నేనే, వైద్యుడూ నేనే!

పదకొండో రోజు విరేచనాలు పట్టుకున్నాయి.

"ఎన్నిసార్లు పోతవ్‌రా తమ్మీ? దవాఖానకు పోదాం పా," అంది అక్క.

"నాకు తెల్వదా అక్కా? ఏదో క్రిమి చేరింది. ఇంకో గోలీ ఏస్తే సస్తది."

"క్రిమి సస్తదో, నువ్వు సస్తవో!"

వినలేదు. మళ్లీ యాంటీబయాటిక్ వేసుకున్నాను. దానికి తోడు విరేచనాలు ఆపే గోలీ ఒకటి.

మూడో రోజు కాలేజీలో ఆరోగ్యం మీద సభ. ప్రధాన వక్త ఎవరనుకున్నారు? తమరి సేవకుడే. "విద్యార్థులారా, మన కడుపు మన చేతుల్లోనే ఉంది" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే అది నా చేతులు దాటిపోయింది. మైకు వదిలి పరుగు లంకించుకున్నాను. ఉపన్యాసం అయిపోయిందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. బాత్రూం చేరాను గానీ, కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను.

తెలివి వచ్చేసరికి దవాఖాన మంచం మీదున్నాను. చేతికి సెలైన్. కాళ్ల దగ్గర కూర్చుని అక్క ఏడుస్తోంది. ఎదురుగా డాక్టర్ ఫర్హానా.

"ఏమేం గోలీలు ఏస్కున్నరు సార్?"

పాఠం అప్పజెప్పినట్టు వరుసగా చెప్పాను. ఆమె తల పట్టుకుంది. మలపరీక్ష చేయించి, మర్నాడు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"సార్, కాలేయం పిత్తరసం చేస్తది గదా. పేగులల్ల ఉండే మంచి బాక్టీరియా ఆ పిత్తంల ఆమ్లాలను మారుస్తది. గట్ల మారిన ఆమ్లాలు చెడ్డ బాక్టీరియాను పెరగనియ్యవు, విషం ఎక్కువ చెయ్యనియ్యవు. మీరు గోలీలతోని మంచిదాన్ని సంపిన్రు. ఇగ మారని ఆమ్లాలే మిగిలినయి. అవి పోయి నిద్రపోతున్న చెడ్డదాన్ని లేపినయి. అది లేచి విషం కక్కుతాంది."

"అంటే కాపలోళ్లను నేనే సంపిన్నా మేడం?"

"సంపి, దొంగకు చాయ్ గూడ పోసిన్రు. ఆపే గోలీ ఏసి ఆ విషాన్ని లోపలనే పెట్టుకున్నరు. ఇంకో రెండు దినాలైతే పేగుకే ముప్పుండె."

పిత్తరసం పని కొవ్వును కరిగించడమేనని ఏళ్ల తరబడి పిల్లలకు నూరిపోసినవాణ్ని నేను!

పాత గోలీలన్నీ మాన్పించి, ఆ క్రిమికి సరైన మందు ఇచ్చింది డాక్టరమ్మ. వారం రోజులు అక్క జావ కాచి పోసింది, నా బట్టలు ఉతికింది. ఒక్కసారైనా ముక్కు మూసుకోలేదు, ఒక్కసారైనా "నేను చెప్పలేదా" అనలేదు. ఈ రోజు నేను ముద్ద దిగమింగుతున్నానంటే అది ఆ ఇద్దరి చలవే.

ఇంటికి వెళ్లే రోజు డాక్టరమ్మకు రెండు చేతులూ జోడించాను. ఆమె నవ్వింది.

"మా బిడ్డ మీ క్లాసులనే ఉంది సార్. కడుపు మీద మా సార్‌కు మస్తు పట్టుందని రోజూ చెప్తది!"

నా పట్టు ఏపాటిదో ఆ వార్డు దుప్పట్లనడగాలి.

కనుక పెద్దలారా, నా పేగుల్లో మళ్లీ కొలువుదీరిన మంచి బాక్టీరియా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు చీటీ లేకుండా ఇక ఒక్క గోలీ కూడా మింగను. పన్నంటారా? దాన్ని పళ్ల డాక్టరే పీకేశాడు. రెండు నిమిషాల పని!