మూడో స్విచ్చు

మేడ్చల్‌లో మాజీ సైనికుల సభ జరిగినప్పుడల్లా మైకు తుపాకీ పట్టినవాళ్లకే ఇస్తారు. నేను సైన్యంలో వర్క్‌షాప్ ఎలక్ట్రీషియన్‌ని. నేను పనిచేసిన కొండ పోస్టులో ఏం జరిగిందని ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు. విచారణ చేసిన అధికారులూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

ఉత్తర సిక్కింలోని ఆ పోస్టుకు జూన్ మొదటి వారంలో చేరాను. మధ్యాహ్నం రెండున్నర. పదమూడు వేల అడుగుల ఎత్తు. సన్నటి వాన. రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. వర్క్‌షాప్ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక బ్యాటరీ ఛార్జర్, రెండు టూల్ బాక్సులు.

వారం తిరక్కుండానే అవమానం జరిగింది. ఒక ట్రక్కు ఫ్యూజు డబ్బా మూత మీద హిందీలో పేర్లు రాశాను. మా హవల్దార్ ఆ మూత ఊడదీసి, టీ వేళ ఇరవై మంది ముందు ఎత్తి చూపించి, ఇది కోడి గీకిన రాత అన్నాడు. నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆగస్టులో ఒక జిప్సీ జీపుకు అదనపు స్విచ్చుల పెట్టె బిగించమని ఆర్డర్ వచ్చింది. గ్లౌజులు వేసుకుంటే బండితో వచ్చిన చిన్న స్విచ్చులు వేలికి అందవు. పైగా పొగమంచులో వెనకవాళ్లకు కనపడేలా పెద్ద ఎర్ర లైటు కావాలి. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు లాగాను. ఒక్కోదానికి విడి ఫ్యూజు, విడి రిలే. ఇనుప రేకు దాటే చోట వైరు ఒరుసుకోకుండా రబ్బరు తొడుగు. రెండు రోజుల పని. ఎడమ నుంచి మొదటిది హీటరు, రెండోది రేడియో, మూడోది వెనక లైటు, నాలుగోది ముందు పసుపు లైటు. పనిలో లోపం లేదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

పేర్లు హిందీలో రాయమని హవల్దార్ చెప్పాడు. నేను తెలుగులో రాశాను. ఆ బండి డ్రైవర్ మనవాడే. నాది గౌడవెల్లి, అతనిది శామీర్‌పేట, చేపలు పట్టే ఇల్లు. అతనే వద్దన్నాడు.

"నాకైతే సదువొస్తది. రేపు ఇంకోడు నడిపితే ఏంది? గా హవల్దార్ మీది కోపం బండి మీద సూపిస్తవా?"

"నీ బండి నువ్వు గాక ఎవడు నడుపుతడు?" అన్నాను.

పెట్టె బిగించిన పంతొమ్మిదో రోజు అతనికి జ్వరం వచ్చింది. అతని బదులు ఉత్తరాది గఢ్వాల్ కొండల నుంచి వచ్చిన డ్రైవర్ రేషన్ వేసుకుని పొద్దున ఆరుంబావుకు బయలుదేరాడు. వెళ్తూ నాకు చెయ్యి ఊపాడు. హవల్దార్ మూత ఎత్తి చూపించిన రోజు నవ్వనివాళ్లలో అతనొకడు.

ఏడూ నలభైకి పొగమంచు దిగింది. షెడ్డు మూలన ఉన్న రేడియోలో అతని గొంతు, హిందీలో:

"వెనక బత్తీ ఏది ఉస్తాద్? ఇక్కడ మీ భాష ఉంది."

ఆపరేటర్ నా వైపు చూశాడు. హవల్దార్ నా పక్కనే టీ తాగుతున్నాడు.

"హిందీ బాగా వచ్చినవాళ్లను అడగమను" అన్నాను.

హవల్దార్ ముఖం మాడిపోయింది. నాకు బాగుంది. రెండు నిమిషాలు అలాగే కూర్చుని టీ తాగాను. "ఏది ఉస్తాద్?" అని మళ్లీ వినిపించింది. అప్పుడు లేచి, హ్యాండ్‌సెట్ తీసుకుని, ఎడమ నుంచి మూడోది అన్నాను. జవాబు లేదు. ఇంకోసారి అన్నాను. గరగర తప్ప ఏమీ లేదు.

వెనక వస్తున్న నీళ్ల ట్యాంకర్‌కు జిప్సీ కనపడలేదు. గుద్దితే జిప్సీ రోడ్డు పక్క గుంతలో పడింది. అతను బతికాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

విచారణలో కారణం పొగమంచు అని రాశారు. నేను లేచి, స్విచ్చుల గురించి చెప్పాలి సార్ అన్నాను. వైరింగ్ సరిగానే ఉంది, కూర్చోమన్నారు. కూర్చోమన్నందుకు వాళ్ల మీద కోపం. కూర్చున్నందుకు నా మీద.

ఇంటికొచ్చాను. శామీర్‌పేట రోడ్డు మీద షాపు పెట్టాను. కొంపల్లి విల్లాల వాళ్లు కొండలెక్కే జీపులు తెచ్చి లైట్లు, స్విచ్చులు వేయించుకుంటారు. ప్రతి స్విచ్చు కింద మూడు భాషల్లో పేరు రాస్తాను. నడిపేది నేనొక్కన్నే గదన్నా అని ఒకతను నవ్వాడు. రాయకుండా బండి ఇవ్వనన్నాను.

శామీర్‌పేట డ్రైవర్ కూడా రిటైరై వచ్చాడు. సాయంత్రాలు షాపులో కూర్చుంటాడు. "పదకొండేండ్లాయె. ఇగ ఇడ్సిపెట్టరాదు" అంటాడు. నేను వదలను.

హిందీ చేతిరాత దిద్ది నేర్చుకున్నాను. ఏటా గఢ్వాల్‌కు రెండు ఉత్తరాలు రాస్తాను. ఒక్కటీ తిరిగి రాలేదు, అంటే చేరుతున్నాయి. జవాబు మాత్రం లేదు.

జిప్సీని గుంతలోంచి లాగాక నేను పెట్టె చూశాను. నేను చెప్పకపోతే అతనే ఎడమ నుంచి ఒక్కోటి నొక్కుతూ వచ్చాడు. మొదటిది, హీటరు, ఆపి ఉంది. రెండోది, రేడియో, ఆపి ఉంది. నేను హ్యాండ్‌సెట్ తీసుకునేసరికే నా మాట అతనికి చేరే దారి లేదు. మూడోదాన్ని ముట్టుకోలేదు. దాని మీద పల్చటి దుమ్ము అలాగే ఉంది. కింద నా రాత, వెనక లైటు అని. కళ్లు మూసినా అదే, తెరిచినా అదే.

ఈ కాగితాన్ని కూడా హిందీలో రాసి పంపుతున్నాను. భాయ్, నువ్వు అడిగితే నేను రెండు నిమిషాలు పలకలేదు. నువ్వు పదకొండేళ్లుగా పలకడం లేదు. తిట్టు. శపించు. ఒక్క ముక్క రాయి. నాకు జవాబు కావాలి.