డియర్ అంటే పిరం

నా చిన్నతనమంతా షార్జాలోనే... కరోనా వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. బడి ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. నాన్న పనిచేసే గ్యారేజీకి తాళం పడింది.

ఓ సాయంత్రం అమ్మ గుమ్మంలో కూర్చుని, చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. ఎదురు ఫ్లాట్ లిన్ ఆంటీ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆమెది చైనా. ఇక్కడ బొమ్మల దుకాణంలో పని. దుకాణం మూతపడింది, విమానాలు ఆగిపోయాయి. నా ఈడు కూతురు అక్కడ అమ్మమ్మ దగ్గర... పండక్కి వస్తానని రాలేదని తల్లి మీద అలిగింది. వీడియో కాల్‌లో ముఖం కూడా చూపించేది కాదు.

"దానికి ఇంగ్లీషు ఇష్టం. ఇంగ్లీషులో రాస్తే చదువుతుందేమో," అంది ఆంటీ, వచ్చీరాని ఇంగ్లీషులో.

నేను మొదటి మాట చెప్పాను... "డియర్".

ఆంటీ ముఖం చిన్నబోయింది. "డియర్ అంటే ఖరీదు కదా? పుస్తకంలో చదివాను. నా కూతుర్ని ఖరీదు అంటానా?" వాళ్ళ భాషలో ఖరీదుకూ ఇష్టానికీ వేర్వేరు మాటలట.

మర్నాడు క్లాసు అయ్యాక మా ఇంగ్లీషు టీచర్‌ని అడిగాను. "పాత ఇంగ్లీషులో ఆ మాటకు విలువైనది అని అర్థం. అందులోంచే ఖరీదూ వచ్చింది, ఇష్టమూ వచ్చింది," అన్నారావిడ.

అమ్మకు చెబితే నవ్వింది. మాది జగిత్యాల దగ్గర పల్లె. "గిదేంది బిడ్డా, మనకాడ గూడ గంతే గద! టమాటలు పిరమైనయ్ అంటం. ఉత్తరం రాస్తే ప్రియమైన బిడ్డకు అంటం. రెండు ఒక్కటే మాట."

రోజూ ఇంట్లో వినే మాటే... నాకెప్పుడూ తట్టలేదు!

"ఆంటీకి చెప్పు... బిడ్డ అన్నిటికన్న పిరమే గద? రాయమను."

నేను ఆంటీని పిలుచుకొచ్చి ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ మా అమ్మ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. దూరం పాటించాలన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు...

తర్వాత ఇంటికెళ్ళి, మాకు చూపించకుండా తనే రాసి పంపేసింది.

పొద్దున్నే తలుపు దబదబ బాదుతున్న చప్పుడు. చెప్పులు కూడా లేకుండా ఆంటీ! కూతురి జవాబు చూపించింది... "అమ్మా, స్పెల్లింగ్ తప్పు. నువ్వు రాసిన డియర్ అంటే జింక. నేను జింకను కాను. ఎప్పుడొస్తావు?"

"తప్పు దిద్దింది... నాతో మాట్లాడింది!" అంటూ ఆంటీ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. నేను అర్థం చెప్పేలోపే అమ్మ కూడా కొంగు కళ్ళకు అద్దుకుంది.

విమానాలు మళ్ళీ మొదలయ్యాక ఆంటీ వెళ్ళిపోయింది. లిఫ్ట్ దగ్గర అమ్మను వాటేసుకుని, "ఖలాస్... ఏడుపు ఖలాస్," అంది. కొన్నాళ్ళు తల్లీకూతుళ్ళ ఫొటోలు పంపింది... తర్వాత ఆ నంబరు పనిచేయలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఏ మాటకైనా అర్థం ఫోనే చెప్పేస్తోంది. హాస్టల్లో ఎదురు గది అమ్మాయి పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు... సాయంత్రమైతే మాత్రం మనసు షార్జాకే పోతుంది.

మీ భాష రాకపోయినా మీ ఇంటి మనిషైపోయినవాళ్ళు మీ చిన్నప్పుడు ఎవరైనా ఉన్నారా... వాళ్ళ గురించి చెప్పండి, వినాలనుంది.