దిష్టికి పళ్ళుంటాయా?

ఇవాళ కొత్తపేట దారిలో ఒక కొబ్బరిచెట్టుకి చుట్టిన రేకు ఎండకి తళుక్కుమంది. ఎలకలు ఎక్కకుండా కడతారే, ఆ రేకు. మన ఏడో తరగతి వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు.

ఆ యేడు పక్కింటి పిన్నిగారి కొబ్బరిచెట్ల కింద రోజూ పిందెలు రాలి ఉండేవి. మా అమ్మ దిష్టే తగిలిందన్నారావిడ. "ఆయ్, తలెత్తి చూడ్డం నేను చూసేనండి!" అని వీధంతా చెప్పారు. అప్పట్నుంచి అమ్మ ఆ చెట్ల పక్కన తల వంచుకునే నడిచేది.

నేను క్లాసులో ఏడ్చేశాను. సైన్సు మాస్టారు ఓదార్చలేదు. "అనుకున్నది వేరు, చూసింది వేరర్రా. ముందు ఆ పిందెలు పట్రండి" అన్నారు.

బల్ల మీద కుప్ప పోశాం. పచ్చిపీచు వాసన, గుర్తుందా? ప్రతి పిందెకీ ముచ్చిక దగ్గర చిన్న కన్నం, అంచున గాట్లు.

"ఇది చాలదు. ఇంకెక్కడైనా రాలేయా?" అన్నారు మాస్టారు.

మా పెరట్లోనూ రాలాయి. అవే గాట్లు! తన చెట్లకి అమ్మ తనే దిష్టి పెట్టుకుంటుందా?

సాయంత్రం అందరం వెళ్ళి పిన్నిగారి చేతిలో ఒక పిందె పెట్టాం.

"దిష్టికి పళ్ళుంటాయాండీ పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ గాట్లు తడిమి చూసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు చెట్లకి రేకులు కట్టిస్తూ గోడ మీంచి పిలిచారు.

"అక్కగారూ, రేకు వంకరగా ఉందేమో, కాస్త పైకి చూసి చెప్పండి."

అమ్మ తలెత్తి, చెట్టు కొసన మొవ్వుదాకా, తనివితీరా చూసింది.