బ్లూటూత్‌లో దొరికిన గురక సారు

ఆరు నెలలు చెమటోడ్చి నిలబెట్టుకున్న ఉద్యోగాన్ని ఆరు నిమిషాల్లో ఊడేదాకా ఎలా తెచ్చుకోవచ్చో చెబుతాను, వినండి. పెద్ద తెలివేమీ అక్కర్లేదు. నాకున్నంత చాలు.

కెమెరా ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. అశ్వారావుపేటలో ఒక పామాయిల్ మొక్కల నర్సరీ ఆఫీసులో నేను గుమాస్తాను. ఇంకా పర్మనెంటు కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఫోనువాడు అన్నం కూడా ఎరగడు. ఏ మీట నొక్కితే ఏమవుతుందోనని, కోడి పెంటకుప్పను కెలికినట్టు రోజంతా దాన్నే కెలికేవాణ్ణి.

ఒకరోజు మా మేనేజరు కూడా కొత్త ఫోను కొన్నారు.

"నిన్న నర్సరీల తీసిన ఫోటో నా ఫోన్లకు పంపయ్యా" అన్నారు.

బ్లూటూత్ తెరిచాను. పేరు రాయమంది. ఉత్తరం మీద చిరునామాలాగా, ఎవరికి పంపాలో అడుగుతోందనుకున్నాను. భోజనం కాగానే కుర్చీలోనే నిద్రపోయే ఆయనకు నేను మనసులో పెట్టుకున్న పేరొకటుంది. సరదాగా ఇంగ్లీషు అక్షరాల్లో అదే కొట్టాను: గురక సారు. అది నా ఫోనుకే పేరవుతుందని, చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ కనబడుతుందని నాకేం తెలుసు?

మేనేజరు తన ఫోనులో వెతికారు.

"ఇందుల గురక సారు అని వస్తాంది. ఎవరయ్యా ఈయన?"

"తెల్వదు సార్. రోడ్డు మీద ఎవరన్న పోతుండొచ్చు."

"చూసి రా పో."

ఫోను జేబులో వేసుకుని రోడ్డు చివరిదాకా వెళ్లి, ట్రాక్టరు తప్ప ఎవరూ లేరని చెప్పడానికి తిరిగొచ్చాను. ఈలోగా ఆయన రెండుసార్లు వెతికారట.

"గమ్మత్తుంది. నువ్వు పోంగనే ఆయన గూడ పోయిండు. నువ్వు రాంగనే వచ్చిండు."

బయటి గదిలోంచి వింటున్న టైపిస్టు మేరీ మేడం ఫైలు చాటున మొహం దాచుకుంది. నేను జేబులోంచి ఫోను తీసి ఆయన ముందు పెట్టాను.

"తప్పయింది సార్."

ఆయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"తిట్టను గానీ నిజం చెప్పు. ఈ పేరు మా ఇంటామె పెట్టింది. మా ఇంట్ల తప్ప ఎవరికీ తెల్వదు. నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే సార్. రోజూ వినబడుతది."

ఆయన గోడవైపు తిరిగి, "గోడవతలికి గూడనా?" అని అడిగారు.

"అవ్ సార్."

ఉద్యోగం పోలేదు. ఇకమీదట ఏ యంత్రమైనా పేరడిగితే, ఎవరి పేరో తేల్చుకునేదాకా వేలు కదపనని భద్రాద్రి రాముడి సాక్షిగా ఒట్టేస్తున్నాను.